వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రావట్లేదు

సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు వచ్చే కుర్రాళ్లు ఇప్పుడు బట్టల బ్యాగుతో పాటు లాప్‌టాప్ కూడా మోసుకొస్తున్నారు. ఉద్యోగం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. భోగి ముందు రోజు దాకా ఇంటి నుంచే పని. వైఫై బాక్స్ వీధి గదిలో టీవీ వెనకాల ఉంటుంది. మీటింగ్ ఉన్న మనిషి మాత్రం చప్పుడు వినపడకుండా వెనక గదిలో తలుపేసుకుని కూర్చుంటాడు. పది నిమిషాలు బాగానే నడుస్తుంది. తర్వాత అవతలివాళ్ల మాట ముక్కలైపోతుంది, బొమ్మ ఆగిపోతుంది, ఇక టెన్షన్ మొదలు.

ఇంట్లోవాళ్లు నెట్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తారు. అతను వచ్చి బాక్స్ పక్కనే నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపిస్తాడు. ప్లాన్‌లో చెప్పినంతా వస్తుంది. "లైన్ బానే ఉందండి, మీ లాప్‌టాపే ఓసారి చూపించుకోండి" అంటాడు. టౌన్లో రిపేరు షాపుకి తీసుకెళ్తే అక్కడి వైఫైలో అది చక్కగా పనిచేస్తుంది. "దీనికేం కాలేదు సార్, మీ నెట్టే బాలేదు" అంటారు వాళ్లు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. లైను బాగుండి, లాప్‌టాప్ బాగుండి, రెండిటికీ మధ్యనున్న ముప్పై అడుగుల గాలిలో తప్పు ఉండొచ్చు. మన ఇళ్లలో నేను చూసినంతలో ఎక్కువసార్లు అది అక్కడే దొరుకుతుంది. ఆ సంగతి తెలియక జనం పెద్ద ప్లాన్‌కి మారతారు, కొందరు కొత్త లాప్‌టాప్ కూడా కొంటారు. డబ్బు పోతుంది, బాధ అలాగే ఉంటుంది. అందుకే దేనికైనా పైసా ఖర్చు పెట్టేముందు తెగుతున్నది ఎక్కడో తేల్చుకోండని గట్టిగా చెప్తాను.

ఎక్కడ తెగుతోంది?

లాప్‌టాప్ లోపల చిన్న వైఫై కార్డు, దానికి యాంటెన్నా ఉంటాయి. అక్కణ్నించి రేడియో తరంగాలు గాలిలో ప్రయాణించి రౌటర్‌ని, అంటే ఆ వైఫై బాక్స్‌ని చేరతాయి. రౌటర్ నుంచి ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీదుగా ఆపరేటర్ ఆఫీసుకి, అక్కణ్నించి బయటి ఊళ్లకి వెళ్తుంది. స్క్రీన్ మూల కనిపించే వైఫై గుర్తులోని గీతలు చెప్పేది లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతి మాత్రమే. స్తంభం దగ్గర ఫైబర్ తెగిపోయినా ఆ గీతలు నిండుగానే ఉండొచ్చు. పైగా అవి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్తాయి గానీ, చుట్టూ ఎంత గోల ఉందో చెప్పవు.

మొదటి పరీక్షకి ఏమీ అక్కర్లేదు. నెట్ ఆగిన క్షణంలోనే, లాప్‌టాప్ పక్కనే, అదే వైఫైలో ఉన్న ఫోన్ తీసి చూడండి. మొబైల్ డేటా ఆపి చూడాలి, లేకపోతే ఫోన్ తనంతట తాను సిమ్ నెట్‌కి మారిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోన్‌లోనూ ఆగితే లాప్‌టాప్‌ని అనుమానించనక్కర్లేదు. ఫోన్‌లో వస్తూ లాప్‌టాప్‌లో రాకపోతే రెండో పరీక్ష చేయండి: ఫోన్ హాట్‌స్పాట్‌కి లాప్‌టాప్ కలిపి ఒక పూట పని చేసుకోండి. ఒక్కసారీ తెగలేదంటే లాప్‌టాప్ కార్డు బాగానే ఉన్నట్టు, దానికీ మీ రౌటర్‌కీ మధ్యే ఏదో పొసగడం లేదన్నట్టు. ఫోన్‌లో సిమ్ నెట్ వస్తూనే హాట్‌స్పాట్‌లోనూ లాప్‌టాప్ తెగుతుంటే తప్పు లాప్‌టాప్‌లో ఉంది.

ఇంతకంటే కచ్చితంగా తెలియాలంటే పింగ్ పరీక్ష. ఇది నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, జీవితాంతం పనికొస్తుంది. విండోస్‌లో స్టార్ట్ నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్ఫిగ్ అన్నది ఇంగ్లీషులో ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కితే కొన్ని అంకెలు వస్తాయి. అందులో డిఫాల్ట్ గేట్‌వే అన్నదానికి ఎదురుగా ఉండేది మీ రౌటర్ అడ్రస్, చాలా ఇళ్లలో 192.168.1.1 అని ఉంటుంది. ఇప్పుడు పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ అడ్రస్, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దాన్ని ఆనుకుని టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. లాప్‌టాప్ క్షణానికోసారి రౌటర్‌ని పలకరిస్తూ, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో వరుసగా చూపిస్తుంది. కంట్రోల్, సీ కలిపి నొక్కేదాకా ఆగదు. అలాంటిదే ఇంకో కిటికీ తెరిచి 8.8.8.8 కి కూడా పింగ్ పెట్టండి. అది గూగుల్ వాళ్ల సర్వర్, అంటే మీ ఇంటి బయట ఉన్నది. రెండు కిటికీలూ పక్కపక్కన ఉంచి మీ పని మీరు చేసుకోండి.

బాగున్న వైఫైలో రౌటర్ నుంచి జవాబు 2, 3, మహా అయితే 10 మిల్లీసెకన్లలో వస్తుంది. బయటి సర్వర్‌కి పదుల్లో పడుతుంది. మాట తెగిన క్షణంలో రెండు కిటికీల్లోనూ వందలు, వేలు కనిపించినా, "రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్" అని వచ్చినా, ఇంటి లోపలి వైఫైదే తప్పు, ఆపరేటర్‌ది కాదు. రౌటర్ కిటికీలో 3, 4 అలాగే నడుస్తూ 8.8.8.8 కిటికీ మాత్రం ఆగిపోతే తప్పు గోడ బయట ఉంది. ఈ రెండో సందర్భంలో స్క్రీన్‌ని ఫోటో తీసి పెట్టుకోండి. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు అదే మీ సాక్ష్యం.

ఒక లాన్ కేబుల్, అంటే ఈథర్నెట్ తీగ ఉంటే లాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి కలిపి చూడటం ఇంకా తేలిక. తీగతో గంటసేపు ఒక్కసారీ తెగకుండా నడిచిందంటే ఇక మిగిలింది గాలే.

మన ఇళ్లు, మన గోడలు

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పాత వీధులు ఎలా ఉంటాయో తెలుసు కదా. రెండు వరుసల ఇళ్లు ఎదురెదురుగా, ఒకరి గోడ ఆనుకుని ఇంకొకరి గోడ. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. అరుగు, వీధి గది, నడిమిల్లు, వంటిల్లు, ఆ వెనక పెరడు. పెంకుటిల్లు తీసి స్లాబు వేసుకున్నా జాగా అదే కాబట్టి ఇల్లు అదే ఆకారంలో లేస్తుంది. ఫైబర్ తీగ వచ్చేది వీధి వైపు నుంచి. బాక్స్ బిగించేది టీవీ దగ్గర. అంటే వెనక గదిలో కూర్చున్న లాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య మూడు నాలుగు గోడలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. చతురస్రంగా ఉండే ఫ్లాట్‌లో ఈ బాధ ఇంత ఉండదు.

వైఫై మన దగ్గర ప్రధానంగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు తరంగాల శ్రేణుల్లో నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 ది అందులో సగం కంటే తక్కువ. పొడవు ఎక్కువున్నది గోడల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది. 5 లో వేగం ఎక్కువ, కానీ రెండు మూడు ఇటుక గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. పాత ఇళ్లలోని అడుగున్నర మందం మట్టి గోడలు, కొత్త ఇళ్లలో ఊచలు దట్టంగా వేసిన కాంక్రీటు దీన్ని ఇంకా గట్టిగా అడ్డుకుంటాయి. ఇనుప బీరువా అయితే తరంగాల్ని తిప్పికొడుతుంది. నిలువుటద్దం వెనక పూత కూడా అంతే. తడి ఉన్నదేదైనా, అంటే నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్‌లో సరుకు, దొంతరగా పేర్చిన ధాన్యం బస్తాలు, మనుషులు కూడా, తరంగాల్ని పీల్చేసుకుంటాయి. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు వైఫై బాగా నడవకపోవడానికి అందరి ఫోన్లూ దానికే కలపడం ఒక కారణమైతే, ఇది ఇంకొక చిన్న కారణం.

చాలా రౌటర్లు రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో చూపిస్తాయి. లాప్‌టాప్ వీధి గదిలో ఉన్నప్పుడు 5 పట్టుకుంటుంది. వెనక గదికి వెళ్లాక కూడా దాన్నే చాలాసేపు పట్టుకు వేలాడుతుంది, చివరికి వదిలి 2.4 కి మారుతుంది, కాస్త బలం కనిపించగానే మళ్లీ 5 కి దూకుతుంది. ఆ మారేటప్పుడల్లా మీటింగ్ తెగుతుంది. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే తెరుచుకునే సెట్టింగుల పేజీలో రెండిటికీ వేర్వేరు పేర్లు పెట్టి, వెనక గదిలో పనిచేసే లాప్‌టాప్‌ని 2.4 కే కట్టిపడేస్తే చాలా ఇళ్లలో సగం బాధ తీరుతుంది. వేగం తగ్గుతుంది నిజమే, కానీ మీటింగ్‌కి కావలసింది వేగం కంటే నిలకడ.

అయితే 2.4 కి దాని కష్టం దానికుంది. ఇక్కడే ఆనుకుని ఉన్న గోడలు రెండోసారి దెబ్బ తీస్తాయి. ఇటు పక్కింటి రౌటర్, అటు పక్కింటి రౌటర్, ఎదురింటిది, అన్నీ మీ ఇంట్లో వినిపిస్తాయి. 2.4 బ్యాండ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా అందరూ వాడేవి మూడే: 1, 6, 11. ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, వైఫైకి కావలసిన వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అందుకే 3 మీద పెట్టిన రౌటర్ 1 నీ 6 నీ కూడా తొక్కుతుంది. రెండు రౌటర్లు ఒకే ఛానెల్లో ఉంటే ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి విని ఆగుతుంది, వంతులు వేసుకుంటాయి. ఆలస్యమవుతుంది గానీ పని జరుగుతుంది. సగం సగం తొక్కుకునే ఛానెళ్లలో ఉంటే ఒకదాని మాట ఇంకొకదానికి అర్థం కాదు, అది ఉట్టి రొదగా వినిపిస్తుంది, రెండూ చెడతాయి. పక్కింటివాళ్లు 6 లో ఉన్నారని మనం 4 కి మారితే మేలుకంటే కీడే ఎక్కువ. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుంటే ఎవరి రౌటర్ ఏ ఛానెల్లో ఉందో, బలం ఎంతో బొమ్మ గీసి చూపిస్తుంది. మీ కుర్చీ దగ్గర నిలబడి చూడండి. మీ రౌటర్ బలం మైనస్ 67 డీబీఎం కంటే మెరుగ్గా, అంటే మైనస్ 60, మైనస్ 50 వైపు ఉంటే వీడియో కాల్‌కి ఢోకా లేదు. మైనస్ 75 దాటి కిందికి పోతే ఆ చోటు పనికిరాదు. 1, 6, 11 లో ఏది తక్కువ రద్దీగా ఉందో దానికి మారి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ అని పెట్టండి. ఆటోలో వదిలేస్తే కొన్ని రౌటర్లు 40 తీసుకుని వీధినంతా ఇబ్బంది పెడతాయి. వీలైతే పక్కింటివాళ్లతో ఒక మాట అనుకుని తలా ఒక ఛానెల్ పంచుకోండి. అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో తేల్చుకునే వ్యవహారం, ముగ్గురికీ లాభం.

5 గిగాహెర్ట్జ్‌లో ఈ రద్దీ తక్కువ. 2018లో కేంద్రం ఆ బ్యాండ్‌లో లైసెన్సు అక్కర్లేని జాగాని బాగా పెంచింది కూడా. రౌటర్ ఉన్న గదిలోనో పక్క గదిలోనో పనిచేసేవాళ్లకి అదే మంచిది.

వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అది పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. పాలు వేడి చేసినప్పుడల్లా కాల్ తెగుతుంటే కారణం వెతకనక్కర్లేదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లదీ అదే బ్యాండ్. ఎవరూ అనుమానించనిది ఒకటుంది, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, హబ్బులు. అవి పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. హార్డ్ డిస్క్ పీకగానే వైఫై తేరుకుంటే దాన్ని పొడుగు కేబుల్‌తో లాప్‌టాప్‌కి దూరంగా జరపండి, అంతే.

ఇన్ని చేసినా వెనక గదికి సిగ్నల్ చాలకపోతే జనం ఎక్స్‌టెండర్, అంటే సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే పరికరం కొంటారు. సాకెట్‌లో గుచ్చితే చాలు కాబట్టి అది ముద్దొస్తుంది. కానీ చవక ఎక్స్‌టెండర్లు ఒకే రేడియోతో ఇటు విని అటు చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది, రద్దీ ఇంకొంచెం పెరుగుతుంది. నా ఓటు తీగకే. వీధి గది నుంచి వెనక గదికి గోడ వెంబడి లాన్ కేబుల్ లాగి, అటకమీద పడున్న పాత రౌటర్‌ని వెనక గదిలో పెట్టండి. ఈథర్నెట్ తీగ 100 మీటర్ల దాకా బలం తగ్గకుండా పనిచేస్తుంది, మన ఇల్లు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, దాని అడ్రస్ మొదటి రౌటర్ అడ్రస్‌తో కలవకుండా మార్చి, కేబుల్‌ని లాన్ పోర్టులో గుచ్చాలి. ఇది చేయడం రాకపోతే తెలిసిన కుర్రాణ్ని అడగండి, పావుగంట పని.

ప్లాన్ పెంచితే?

సెట్టింగుల్లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో ప్రాపర్టీస్ తెరిస్తే లింక్ స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది. 72 అని కనిపించిందంటే లాప్‌టాప్ 2.4 బ్యాండ్‌లో ఒకే దారిలో నడుస్తోందని అర్థం. వైఫై 4 అనే పాత రకంలో 20 మెగాహెర్ట్జ్ వెడల్పుకి, ఒక యాంటెన్నాకి గరిష్ఠం 72.2 మెగాబిట్లు. అందులో చేతికొచ్చేది సగమో, సగానికి కాస్త పైనో. పాత చవక లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండేది ఈ రకం కార్డే. అలాంటిదానికి 100 మెగాబిట్ల ప్లాన్ వేసినా, 300 ది వేసినా ఒకే వేగం వస్తుంది. ఆ డబ్బుతో రెండు బ్యాండ్లూ పట్టే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోవడం నయం. ఫోన్‌కి కనిపించే వైఫై పేరు లాప్‌టాప్ జాబితాలో అసలు కనిపించకపోవడానికి కూడా తరచు ఇదే కారణం. కార్డుకి 5 గిగాహెర్ట్జ్ తెలియదు. లేదంటే రౌటర్ 12, 13 ఛానెళ్లలో ఉంది, కొన్ని కార్డులు వాటిని చూడలేవు.

లాప్‌టాప్ లోపల

హాట్‌స్పాట్ పరీక్షలోనూ తెగిందంటే అప్పుడు లాప్‌టాప్ వైపు చూడాలి. ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, తీయగానే తెగుతుంటే బ్యాటరీ ఆదా కోసం విండోస్ వైఫై కార్డుని నిద్రపుచ్చుతోందని అనుకోవచ్చు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ కార్డు తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదాకి ఈ పరికరాన్ని ఆపేయొచ్చన్న టిక్కు తీసేయండి. కొన్ని కొత్త మోడళ్లలో ఆ ట్యాబ్ ఉండదు. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే గొడవ మొదలైతే అదే చోట డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కండి, లేదా లాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి మీ మోడల్‌కిచ్చిన డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ దించుకోండి. ఎక్కడెక్కడి డ్రైవర్లనో తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

వైఫై కనెక్ట్ అయి "నో ఇంటర్నెట్" అంటుంటే మళ్లీ ఐపీకాన్ఫిగ్ చూడండి. మీ అడ్రస్ 169.254 తో మొదలైతే రౌటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదన్నమాట. ఆ వైఫైని ఫర్‌గెట్ చేసి పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి, కుదరకపోతే రౌటర్ ఆపి వేయండి. అడ్రస్ బాగుండి, 8.8.8.8 కి పింగ్ వెళ్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లని అంకెలుగా మార్చే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. డీఎన్ఎస్ అడ్రస్ 8.8.8.8 అనో 1.1.1.1 అనో పెట్టుకుంటే సరిపోతుంది. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉండిపోయిందేమో, లాప్‌టాప్ తేదీ తప్పుందేమో కూడా ఒకసారి చూసుకోండి. తేదీ బాగా తప్పితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు.

సాఫ్ట్‌వేర్‌తో తీరనిది యాంటెన్నా తీగ. చాలా లాప్‌టాప్‌లలో యాంటెన్నా స్క్రీన్ అంచులో ఉంటుంది. దాని నుంచి సన్నటి రెండు తీగలు హింజ్ (మూత మడతబందు) లోంచి దూరి కింద కార్డుకి చేరతాయి. హింజ్ విరిగి స్క్రీన్ కిర్రుమంటూ తెరుచుకునే లాప్‌టాప్‌లో ఆ తీగ నలిగిపోతుంది. రౌటర్‌కి పది అడుగుల దూరంలో కూర్చున్నా ఫోన్‌లో గీతలు నిండుగా, లాప్‌టాప్‌లో సగమే కనిపిస్తాయి. మూత ముందుకీ వెనక్కీ కదిపితే సిగ్నల్ మారుతుంది. ఎస్ఎస్‌డీయో బ్యాటరీయో మార్పించిన రోజు నుంచే వైఫై పడిపోతే ఆ తీగల చివర్లు కార్డు మీద సరిగా నొక్కలేదని అనుమానించాలి. షాపులో "వైఫై రావట్లేదు" అని ఊరుకోకుండా "యాంటెన్నా తీగలు చూడండి" అని అడగండి. కార్డు మార్చక్కర్లేకుండానే బాగుపడొచ్చు.

గోడ బయట

పింగ్ పరీక్షలో తప్పు బయట ఉందని తేలినా, ముందు కరెంటు సంగతి చూడాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ఫ్యాను ఆగదు గానీ రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. అది లేచి, ఫైబర్ లైన్ అందుకుని, ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అడ్రస్‌లు పంచేసరికి రెండు మూడు నిమిషాలు. వేసవి సాయంత్రాల్లో కరెంటు పోతూ వస్తూ ఉంటే గంటంతా ఇలాగే పోతుంది. రౌటర్‌కని ప్రత్యేకంగా దొరికే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే ఇది పూర్తిగా ఆగుతుంది. కాలిపోయిన అడాప్టర్ బదులు ఇంట్లో ఉన్న ఏదో ఒకటి గుచ్చినా ఇలాంటి రీస్టార్టులే వస్తాయి. పాత దాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా కలవాలి, ఆంపియర్లు అంతే గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు వినపడగానే అడాప్టర్ సాకెట్ నుంచి పీకేయండి. ఫైబర్‌లో గాజు కరెంటుని మోయదు, కానీ ఇంటికొచ్చే తీగకి బలం కోసం పక్కనే ఉక్కు తీగ ఉంటుంది, పిడుగు పడితే కరెంటు లైన్ నుంచి వచ్చే దెబ్బ ఎలాగూ ఉంది.

మన జిల్లాల్లో ఏపీ ఫైబర్‌నెట్‌తో సహా చాలా ఫైబర్ కరెంటు స్తంభాల మీదే వేలాడుతూ వస్తుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుఫానుకి స్తంభాలు కూలితే నెట్ కూడా వాటితోనే పోతుంది. కరెంటు వచ్చాక కూడా తెగిన ఫైబర్‌ని చోటు చోటునా విడిగా అతకాలి, అందుకే అది ఆలస్యమవుతుంది. అంత పెద్ద విపత్తు లేకపోయినా, ఉడతలు కొరకడం, కొమ్మ రాసుకోవడం, కిటికీ రెక్క కింద తీగ నలగడం రోజూ జరిగేవే. ఫైబర్‌ని మరీ మెలితిప్పి వంచితే వెలుతురు బయటికి జారిపోతుంది, లైను చావదు గానీ కుంటుతుంది. ఊడిన ఫైబర్ కొసలోకి మాత్రం ఎప్పుడూ తొంగి చూడకండి. అందులో లేజర్ కంటికి కనపడదు, కానీ కంటికి హాని చేస్తుంది.

బాక్స్ మీద ఎల్, ఓ, ఎస్ అని ఇంగ్లీషు అక్షరాలున్న లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ తెగినట్టే, ఆపరేటర్‌కి ఆ ఒక్క మాట చెప్తే చాలు. లైట్లన్నీ పచ్చగా ఉండి రోజుకి నాలుగుసార్లు తెగుతుంటే రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్ అన్నచోట ఆర్ఎక్స్ అంకె, అంటే మీ బాక్స్‌కి అందుతున్న వెలుతురు బలం చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోయిందంటే వెలుతురు చాలడం లేదు. ఆ అంకె, తెగిన వేళలు, పింగ్ ఫోటో కలిపి ఆపరేటర్‌కి వాట్సాప్‌లో పంపి, స్తంభం దగ్గర జాయింట్ మళ్లీ వేయమనో, ఇంటిదాకా వచ్చే తీగ మార్చమనో అడగండి.